ఏ దేశానికీ చెందని పిల్లలు

పొట్ట చేతపట్టుకుని పరాయి దేశం పోవడం మన ఒక్కరి కథే కాదు. 1980లలో ధరలు మండిపోయి బ్రెజిల్ జనం కూడా వలస బాట పట్టారు. 1908 నుంచి జపాన్ కూలీలు ఓడలెక్కి బ్రెజిల్ కాఫీ తోటలకు వెళ్లారు. 1990లో జపాన్ తన వలస చట్టం మార్చడంతో వాళ్ల మనవలు విమానాలెక్కి తాతల దేశానికి పనికి పోయారు. హమామత్సు లాంటి ఊళ్ల ఫ్యాక్టరీల్లో చేరారు. మరికొందరు స్విట్జర్లాండ్, జర్మనీ వెళ్లారు.

అక్కడ పిల్లలు పుట్టారు. చిక్కు అక్కడే మొదలైంది. బ్రెజిల్ గడ్డ మీద పుడితే దాదాపు ప్రతి బిడ్డా ఆ దేశ పౌరుడే. జపాన్, స్విట్జర్లాండ్‌లలో అలా కుదరదు, తల్లో తండ్రో ఆ దేశస్థులై ఉండాలి. 1988 నాటి బ్రెజిల్ రాజ్యాంగం ప్రకారం బిడ్డను కాన్సులేట్‌లో నమోదు చేయిస్తే సరిపోయేది. 1994 జూన్ 7న వచ్చిన సవరణ ఆ వీలు తీసేసింది. ఇకపై బిడ్డ బ్రెజిల్ వచ్చి నివసించాలి, ఆపైన తనకు ఆ పౌరసత్వం కావాలని కోరుకోవాలి. విచిత్రం ఏమిటంటే, బతుకుదెరువు కోసం పరాయి పౌరసత్వం తీసుకోక తప్పని పెద్దలకు సొంత పౌరసత్వం పోకుండా కాపాడింది కూడా ఆ సవరణే! పెద్దల్ని తలచుకున్నవాళ్లు పిల్లల్ని మరిచారని మాకనిపిస్తుంది. షిఫ్టు డ్యూటీ చేసే తల్లిదండ్రులు కాగితం కోసం కొలువు వదులుకుని కాపురం ఎత్తేయగలరా? ఆ కష్టం క్యాంపుల్లో ఉండే మనకు వేరే చెప్పక్కర్లేదు.

(మన చట్టం సంగతీ చెప్పుకోవాలి. 2004 డిసెంబర్ 3 నుంచి విదేశంలో పుట్టిన బిడ్డను ఏడాదిలోగా భారత కాన్సులేట్‌లో నమోదు చేయించాలి. గడువు దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి.)

స్విట్జర్లాండ్‌లో ఉంటున్న బ్రెజిల్ పాత్రికేయుడు రుయీ మార్టిన్స్ ఈ విషయం పట్టుకుని వదల్లేదు. దేశం లేని చిన్నారుల పేరుతో ఉద్యమం లేచింది. వేర్వేరు దేశాల్లోని తల్లిదండ్రులు ఒక్కటయ్యారు. అలాంటి పిల్లలు రెండు లక్షల దాకా ఉంటారని ఉద్యమకారులు లెక్క చెప్పారు. రాజ్యాంగాన్ని సరిదిద్దే ప్రతిపాదన 2000లోనే పార్లమెంటు దిగువ సభకు చేరినా, ఏళ్ల తరబడి అక్కడే నానింది.

చివరికి 2007 సెప్టెంబర్ 20న 54వ సవరణ వచ్చింది. కాన్సులేట్ నమోదు మళ్లీ చెల్లింది. మధ్యకాలంలో పుట్టినవాళ్లకూ అదే వర్తించింది. వాళ్లలో అందరికంటే పెద్దవాళ్లకు అప్పటికి పదమూడేళ్లు.