ఎబెనెజరు

చర్చి గోడ మీదో, ఇంటి గుమ్మం పైనో, బడి హాజరు పట్టీలోనో మనకు కనిపించే ఈ పేరు హీబ్రూది. 'ఎబెన్' అంటే రాయి, 'ఎజెర్' అంటే సహాయం. ఫిలిష్తీయులు ఇశ్రాయేలీయుల చేతిలో ఓడిపోయాక ప్రవక్త సమూయేలు మిస్పాకూ షేనుకూ నడుమ ఒక రాయి నిలిపి ఈ పేరు పెట్టాడని బైబిల్లోని మొదటి సమూయేలు 7వ అధ్యాయం చెబుతుంది.

కానీ 4వ అధ్యాయం చదవకుండా ఆ రాయి బరువు తెలియదు. అంతకు సుమారు ఇరవై ఏళ్ల ముందు అదే ఫిలిష్తీయులతో యుద్ధానికి ఇశ్రాయేలీయులు దండు దిగిన చోటు పేరూ ఎబెనెజరే. ఆ యుద్ధంలో ఇశ్రాయేలీయులు మొదట 4,000 మంది, తర్వాత 30,000 మంది కూలారు. దేవుని మందసం శత్రువుల పాలైంది. యాజకుడు ఏలీ కొడుకులిద్దరూ చనిపోయారు. ఆ కబురు విని ముసలి ఏలీ కూడా పడి ప్రాణం విడిచాడు. గెలిచిన రోజు నిలిపిన రాయికి సమూయేలు ఆ ఓటమి పేరే పెట్టాడు!

రాయి నిలుపుతూ ఆయన 'ఇంతవరకు యెహోవా మనకు సహాయం చేశాడు' అన్నాడు. అందులో నన్ను పట్టుకునే మాట 'ఇంతవరకు'. రేపటి సంగతి అందులో లేదు, నడిచొచ్చిన దారి ఉంది. చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచిన అమ్మ కూడా అక్కడే మొదలుపెడుతుంది: "ఇంతవరకు కాపాడాడయ్యా." ఆపరేషన్‌కు తెచ్చిన అప్పు ఆమెకింకా తీరలేదు.