మడిమ లేస్తున్నదా సూడు

పొద్దున ఏడున్నర. కోస్గి బస్టాండు ముందు చలి ఇంకా వదల్లేదు. హైదరాబాదు బస్సు ఇంజిను ఆపకుండానే డ్రైవరు దిగి టీ తాగుతున్నాడు. మీరు ఇటు రండి, నా పక్కన ఈ గోనెపట్టా మీద కూర్చోండి. కాళ్లు కొంచెం ఇటు జరుపుకోండి. అటు చెప్పులు కుట్టే తాత సామాను ఉంది.

సామాను అంటే ఎంత? నున్నగా అరిగిన బండ ఒకటి. అంచు పగిలిన ప్లాస్టిక్ గిన్నెలో నీళ్లు, నీళ్లలో నానుతున్న తోలుముక్క. ఆరె, రంపె, చిన్న సుత్తె. మైనం రాసిన దారపు ఉండ. పాత టైరు నుంచి కోసిన ముక్కలు నాలుగు. రంపె పిడికి చుట్టిన గుడ్డ చెమటకు నల్లబడి, అదీ తోలులాగే మెరుస్తోంది. తాత దాన్ని బండ మీద అటొకసారి ఇటొకసారి రాస్తాడు. ఆ చప్పుడు వినండి. బస్సు ఇంజిను మోతలో కూడా వేరుగా వినిపిస్తుంది.

నేను వచ్చింది కిర్రుచెప్పుల కోసం. ఇప్పుడు వాటిని కుట్టించుకునేవాళ్లు తక్కువ. తాతకు వచ్చే పని ఎక్కువగా తెగిన రబ్బరు చెప్పులు, బడి సంచుల జిప్పులు, పెళ్లికి కొని రెండోరోజే నోరు తెరిచిన బూట్లు. ఎవరైనా కుట్టమంటే మాత్రం మొహం మారిపోతుంది. తోలు ఇప్పుడు కొనుక్కొస్తాడు. వెనుకటి రోజుల్లో బర్రెతోలును సున్నంలో నానేసి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క దంచి పోసిన లందలో వారాల తరబడి ఊరబెట్టేవాళ్లు. చెక్కలోని వగరు తోలుకు పట్టి, కుళ్లే తోలు కుళ్లనిదయ్యేది. ఆ తర్వాత ఆముదం పట్టించాలి. లంద పెట్టుకున్న వాడకట్టును వాసనతోనే గుర్తుపట్టేవాళ్లం, ముక్కు మూసుకుని దాటేవాళ్లం. ఆ తోలు చెప్పులేసుకునే దాటేవాళ్లం అన్నది అప్పుడు తోచలేదు. లందలు పోయాయి. తంగేడు మాత్రం రోడ్ల పక్కన పచ్చగా పూస్తూ ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది.

అదిగో, ఫోను. మేనల్లుడు. డెన్వర్‌లో వాడికి శనివారం రాత్రి ఏడు.

"మామా, షాపుల ఉన్న. సూపిస్తనన్న గద."

ఫోను అడ్డంగా తిప్పాను, మీకూ కనబడాలి కదా. గోడ నిండా బూట్లు, నేల నుంచి కప్పు దాకా. నల్లవి, బూడిదరంగువి, మధ్యలో ఒకటి పండుమిరప రంగుది. ఒక్కొక్కటి పిక్క దాకా వచ్చేంత ఎత్తు. కింద కార్పెట్ మీద మూడు డబ్బాలు మూతలు తీసి ఉన్నాయి. వీడు ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడు మాత్రమే వేసుకుని బల్ల మీద కూర్చున్నాడు.

తాత మెడ చాచి చూశాడు. "గదేంది సారు, గంత లావున్నది? బాయిల దిగనీకెనా?"

మంచు మీద జారడానికని చెప్పాను. చెప్పాక, నిజం చెప్పాలంటే, అంతకుమించి ఏం చెప్పాలో నాకు తోచలేదు. పిలగాడే చెప్పాడు. ఒకటే పలక. రెండు కాళ్లూ దాని మీద అడ్డంగా బిగించుకుని, పక్కకు తిరిగి నిలబడి కొండ మీద నుంచి జారాలి. చేతుల్లో కర్రలుండవు. వేళ్ల మీద బరువు వేస్తే పలక ఒక అంచు మంచును కోస్తుంది, మడిమ మీద వేస్తే రెండో అంచు. మలుపు తిరగాలన్నా ఆగాలన్నా ఆ రెండు అంచులే. బూటు వదులైతే ముందు బూటులో మడిమ లేస్తుంది, ఆ తర్వాత గానీ పలక కదలదు. ఆ రెప్పపాటులోనే మనిషి బోర్లా పడతాడు. పోయినేడు వాడు పడింది అట్లాగే. అద్దె బూట్లు, వాడి సైజు కంటే ఒకటి పెద్దవి, ఎంతమంది కాళ్లు తొక్కి మెత్తబడ్డవో. రెండు రోజులు నడుం పట్టుకుని పడుకున్నాడు. మా అక్కకు మాత్రం జలుబు చేసిందని చెప్పాడు.

ఈ ఆటకు మొదట్లో బూట్లే లేవు. 1965 క్రిస్మస్ నాడు మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ అనే ఆయన పిల్లలు ఆడుకోవడానికి రెండు స్కీలను పక్కపక్కన బిగించి ఇచ్చాడు. దానికి స్నర్ఫర్ అని పేరు పడింది. కాలికి ఏది దొరికితే అది తొడుక్కుని దాని మీద నిలబడ్డారు. 1977లో జేక్ బర్టన్ వెర్మాంట్‌లో పలకలు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. 1998లో ఆ ఆట నగానో ఒలింపిక్స్ దాకా ఎక్కింది. అదంతా తాతకు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన చూపు ఫోనులోని కాలి మీద ఉంది.

"బిడ్డా, మేజోడు ఇప్పు."

"తాతా, బాగున్నవా?"

"నేనున్న గని, మేజోడు ఇప్పు."

విప్పాడు. తాత నవ్వాడు. "గదే. బొటనేలు కన్న పక్కేలు పొడుగు. బడికి పొయ్యేటప్పుడు గూడ గంతే. చెప్పు ముందల ఒక గింజంత తోలు ఎక్కువ ఇడిసేటోన్ని నీకు."

ఆడపిల్లకు ఆ వేలు పొడుగుంటే మొగుణ్ని ఆడిస్తుందని మనవైపు ముసలమ్మలు సంబంధాలు చూసేటప్పుడు కాళ్ల వంక చూస్తారు. ఇక్కడ దాని పని వేరు. అక్కడి షాపు కుర్రాడు కూడా ఆ వేలి దగ్గరే ఆగాడట. బూటు మొనకు ముందుగా తగిలేది అదే కాబట్టి కొలత దాని కొస నుంచే. వాడు కొలిచింది నిలబెట్టి, మడిమను గోడకు ఆనించి. ఎడమ కాలు 26.2 సెంటీమీటర్లు, కుడిది 26.5. ఈ బూట్లకు సైజు అంటే పాదం పొడవే, సెంటీమీటర్లలో. అమెరికా లెక్కలో అది ఎనిమిదిన్నర. వీడు రోజూ వేసుకునే బూట్లు తొమ్మిదిన్నర. ఇన్నేళ్లు వదులు బూట్లలోనే తిరిగాడన్నమాట.

"కూసోవెట్టి కొలిసిండా, నిలవెట్టి కొలిసిండా?" అని తాత.

"నిలబెట్టి."

"పని ఎరికున్నోడే. గాడ ఏ యాళయింది?"

"రాత్రి ఏడు."

"మంచిగాయె. మాపటికి కాలు ఉబ్బుతది. పొద్దున కొన్న చెప్పు మాపు కరుస్తది."

చెప్పు కరవడం అన్న మాట వాడు విని చాలా రోజులైనట్టుంది, అవతల నుంచి గట్టిగా నవ్వాడు. పక్కనున్న షాపు కుర్రాడికి ఇంగ్లీషులో చెప్పి చూశాడు. ఆ కుర్రాడి మొహం చూస్తే చెప్పుకు పళ్లెక్కడివని అడిగేట్టున్నాడు.

మొదటి జత తొడిగాడు. అన్నిటికంటే ఖరీదైనది, అన్నిటికంటే గట్టిది. ఈ బూట్ల వంపును ఒకటి నుంచి పది దాకా అంకెల్లో చెబుతారు. ఒకటైతే మెత్తన, పదైతే కొయ్య. ఇది ఎనిమిది. నిటారు వాలులో వేగంగా దిగేవాళ్లకు పనికొస్తుంది. రెండో ఏడు నేర్చుకునేవాడికి దేనికని నేను అడిగితే, "ఎప్పటికైనా నేర్సుకుంట గద మామా" అన్నాడు. ఆరో తరగతిలో వాళ్ల నాన్న ప్యాంటు మడిచి వేసుకున్నప్పుడూ ఇదే మాట అన్నాడు.

"లేసి నిలవడు," అన్నాడు తాత. నిలబడ్డాడు. "మోకాళ్లు వంచు. బాయిల తొంగి సూసినట్టు." వంచబోయాడు. బూటు వంగలేదు, మనిషే ఎత్తి పెట్టినట్టు వెనక్కి పోయాడు. "ఇప్పు, ఇప్పు," అన్నాడు తాత. ఆ జత కథ అంతటితో సరి.

ఈలోపు మా ముందు ఒకావిడ తెగిన చెప్పు పడేసింది. పుణె బస్సుకు టైమవుతోంది, రెండు కుట్లు వేసివ్వమంది. సంచీ, సత్తు గిన్నెలు, చంకలో పిల్ల. కోస్గి, కొడంగల్, నారాయణపేట నుంచి పుణెకూ బొంబాయికీ ఇట్లా తరాలుగా పోతూనే ఉన్నారు. సిమెంటు మోయడానికి ఏ చెప్పు సరిపడుతుందో ఎవరూ కొలిచి ఇచ్చింది లేదు. తాత ఫోను నా చేతిలో పెట్టి ఆరె అందుకున్నాడు. తోలును పొడిచి, కొక్కేనికి దారం తగిలించి, లాగి, ముడి. నాలుగు కుట్లు, రెండు కాదు. పది రూపాయలు తీసుకున్నాడు. ఆవిడ కాలు నేలకు రెండుసార్లు కొట్టి చూసుకుని పరుగెత్తింది.

"ఆ, ఏమాయె?"

రెండో జత మామూలు తాళ్లది. తాతకు ఇది నచ్చింది. తాడంటే ఆయనకు తెలుసు. పాదం దగ్గర ఒక బిగువు, చీలమండ దగ్గర ఇంకో బిగువు, పిక్క దగ్గర కొంచెం వదులు, ఎక్కడిదక్కడ చేత్తో సరిచేసుకోవచ్చు. పిలగాడు నిలబడ్డాడు.

"ఏళ్లు ముందల తగుల్తున్నయా?"

"తగుల్తున్నయి. పెద్ద సైజు తీసుకోనా?"

"ఆగు. మోకాళ్లు వంచు. ఇప్పుడు?"

"ఎనుకకు వచ్చినయి. తగుల్తలేవు."

తాత నా వైపు చూసి తల ఊపాడు. అక్కడి కుర్రాడూ అదే అంటున్నాడట. నిటారుగా నిలబడితే వేళ్లు మొనకు కొంచెం తగలాలి, మోకాళ్లు వంచితే వెనక్కి రావాలి. జారేటప్పుడు మనిషి వంగే ఉంటాడు కాబట్టి. పైగా లోపల దూది బూటులాంటి లైనర్ ఒకటుంటుంది, కొన్నాళ్లు వాడితే అది అణిగి బూటు తనకుతానే వదులవుతుంది. షాపులో హాయిగా ఉన్న బూటు నెల తిరిగేసరికి అద్దె బూటే.

"మడిమ లేస్తున్నదా సూడు. మునికాళ్ల మీద లే."

"లేస్తలేదు."

"చిటికెనేలు ఏమంటున్నది?"

ఈ ప్రశ్న అక్కడి కుర్రాడు అడిగినట్టు లేదు. పిలగాడు కాసేపు మాట్లాడలేదు. తొడుక్కుని అటూఇటూ నడుస్తున్నాడు, ఫోనులో కప్పు, లైట్లు, మళ్లీ కార్పెట్ కనిపిస్తున్నాయి. పది నిమిషాలు ఇప్పకుండా ఉంచుమన్నాడు తాత. ఉంచాడు. ఇంతలో మనకు టీ వచ్చింది. తీసుకోండి, బెల్లం టీ. ఎండ ఇప్పుడే డిపో గోడ దిగి మన మోకాళ్ల మీదికి వచ్చింది.

"తాతా, చిటికెనేలు తిమ్మిరెక్కింది. కుడికాలుది."

"పొడుగు సరిపోయింది, ఎడల్పు సరిపోలె. పొడుగు పెంచకు. ఎడల్పున్నది అడుగు."

నాకు ఆశ్చర్యమేసింది. మనలో ఎంతమందిమి ఆ తప్పు చేస్తాం. పక్కన ఒత్తితే ఒక సైజు పెద్దది తెస్తాం, పక్కన ఒత్తడం తగ్గుతుంది, మడిమ లేవడం మొదలవుతుంది.

మూడో జత వెడల్పుది. వంపు అంకె ఐదు. తాళ్లు లేవు. ముందు ఒకటి, పక్కన ఒకటి చిన్న చక్రాలు, తిప్పితే సన్నటి ఉక్కుతీగ బిగుస్తుంది, పైకి లాగితే ఒక్కసారే వదులవుతుంది. బోవా అంటారు దీన్ని. వాడుండే కొలరాడోలోనే స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్ అనే మంచు ఊళ్లో 2001లో మొదలైంది. చలికి చేతులు కొంకర్లు పోయినా, గ్లౌజులు తీయకుండా తిప్పుకోవచ్చు.

తాతకు ఈ చక్రం సంగతి మింగుడు పడలేదు. "తీగ తెగితె?"

పిలగాడు అడిగి చెప్పాడు: కొత్త తీగ ఇస్తారు, మనమే ఎక్కించుకోవచ్చు.

"గట్లయితె తీస్కో," అన్నాడు, మనసొప్పకపోయినా.

తొడిగాడు. వేళ్లు తగిలాయి, వంగితే వెనక్కి వచ్చాయి. మడిమ కదల్లేదు. చిటికెనవేలు ఊరుకుంది. చీలమండ ఎముక దగ్గర మాత్రం కొంచెం ఒత్తుతోందన్నాడు. షాపు కుర్రాడు లైనర్లు బయటికి తీసి, వేడిగాలి గొట్టాలకు తొడిగి కాసేపు ఉంచాడు. వేడివేడిగా తొడుక్కుని, బిగించి, చల్లారేదాకా కదలకుండా నిలబడాలి. ఆ ఎముక ఎక్కడుందో లైనర్ నేర్చుకుంటుంది.

తాత చెయ్యి గిన్నెలో ముంచి నానుతున్న తోలును పైకి తీసి ఫోనుకు చూపించాడు. "గిదే బిడ్డా. తడితోలు కాలికి కట్టుకోని ఆరేదాంక తిరుగు అంటుంటి గద."

ఎంత అని అడిగాడు ఆఖర్న. మూడు వందల పైచిలుకు డాలర్లు. నేను రూపాయల్లోకి మార్చి చెప్పాను. తాత ఏమీ అనలేదు. రంపె తీసుకుని బండ మీద మళ్లీ రాశాడు. కాసేపటికి, ఎవరితోనో అన్నట్టు, "మా నాయినకు ఊర్ల అందరి కాళ్లు ఎరికే," అన్నాడు. "ఎవని మడిమ ఎట్లుంటదో, ఎవనికి ఏ ఏలు వంకరో. దొర గడి ముంగలికెళ్లి పొయ్యేటప్పుడు మాత్రం సొంత చెప్పులు చేతుల పట్టుకోని పొయ్యేటోడు."

పిలగాడు విన్నాడో లేదో తెలీదు, బిల్లు కట్టడానికి కౌంటరు దగ్గరికి పోయాడు. ఫోను జేబులో ఉన్నట్టుంది, చీకటి, గుడ్డ రాపిడి. కాల్ కట్ చేశాను.

పుణె బస్సు కదిలింది. పాత పేపరు ఒకటి నేల మీద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, తాత చెవి మీది పెన్సిలు తీశాడు.

"లెవ్వుండ్రి సారు. కూసుంటె రాదు."

లేచాను. పేపరు చల్లగా ఉంది. ఎడమ మడిమ దగ్గర మొదలుపెట్టి పెన్సిలు పాదం అంచు వెంట పాకుతోంది, చక్కిలిగింతలు అవుతున్నాయి. వేళ్ల దగ్గరికి వచ్చి ఆగింది.

"మీది గూడ గట్లనే ఉన్నది," అన్నాడు తాత, పక్కవేలి ముందు ఒక గింజంత జాగా వదిలి గీత తిప్పుతూ.