పాత ట్రక్కు ప్రాణం రబ్బరులో ఉంది!

ఇవాళ మన బండి షెవర్లే అడ్వాన్స్ డిజైన్ ట్రక్కు. అమెరికాలో 1947లో వచ్చింది, 1955 దాకా తయారైంది. ఇంజిన్ గురించి అందరూ చెప్తారు, నేను అద్దం చుట్టూ ఉండే రబ్బరు గురించి చెప్తా.

ఈ ట్రక్కుల్లో క్యాబిన్ మూలలు, ఫ్లోరు తుప్పు పట్టి రాలిపోవడం మామూలే. ఎండిపోయిన రబ్బరు సందుల్లోంచి కూడా నీళ్లు దిగుతాయి మరి. 1942లో జపాన్ మలయాని ఆక్రమించాక అమెరికాకి చెట్టు రబ్బరు దాదాపు ఆగిపోయింది. ప్రభుత్వమే డబ్బు పెట్టి సింథటిక్ రబ్బరు ఫ్యాక్టరీలు కట్టించింది. చిక్కేంటంటే, చెట్టు రబ్బరైనా, అప్పటి ఆ సింథటిక్ రబ్బరైనా గాల్లోని ఓజోన్‌కి పగుళ్లిచ్చేస్తుంది. దాన్ని తట్టుకునే ఈపీడీఎం రబ్బరు మార్కెట్లోకి వచ్చింది 1960ల్లో. ఈ బండ్లకి అప్పటికే ఆలస్యమైపోయింది!

ఇప్పుడు ఈపీడీఎం సీళ్లు దొరుకుతున్నాయి కదా అని హమ్మయ్య అనుకోకండి. కొత్త రబ్బరు బిర్రుగా ఉంటుంది, తలుపు ఓ పట్టాన మూసుకోదు. అందుకే రంగు వేయకముందే క్యాబిన్‌ని ఫ్రేముకి బిగించి, తలుపులు ఎక్కించి, సీలు పెట్టి మూసి చూడాలి. సందు సమంగా లేకపోతే కీళ్ల దగ్గర, క్యాబిన్ కింద పలచటి రేకు ముక్కలు వేసి సర్దాలి. రంగయ్యాక సర్దితే అంచులు గీసుకుపోతాయి, అక్కడే మళ్లీ తుప్పు.

అద్దం ఎక్కించడం మాత్రం భలే సరదా. అద్దానికి రబ్బరు తొడిగి, దాని గాడిలో తాడు చుట్టి, సబ్బునీళ్లు రాస్తారు. బయట ఒకరు అరచేత్తో నొక్కుతుంటే లోపల ఇంకొకరు తాడు లాగుతారు. రబ్బరు అంచు రేకు మీదకి చకచకా ఎక్కేస్తుంది. సబ్బునీళ్ల బదులు గ్రీజు రాయొద్దు, ఈపీడీఎం ఉబ్బిపోతుంది.