మూత పెట్టిన తోట

బల్లికి ఇల్లు కడుతున్నానని ఫోన్లో చెప్తే నాయనమ్మ చాలాసేపు నవ్వింది. "గోడ మీదున్నవి చాలవేంట్రా, కొనుక్కొచ్చి మరీ పెంచాలా?" అంది. ఆవిడ తప్పేం లేదు. అంబాజీపేట పక్కన మా ఊళ్ళో, బల్లి ఒంటిమీద పడితే తలస్నానం చేసి, ఎక్కడ పడితే ఏ ఫలమో పంచాంగంలో చూసుకునే ఇల్లు మాది. అలాంటి ఇంట్లోంచి వచ్చినవాడు హైదరాబాదు ఫ్లాట్‌లో రెండడుగుల గాజుపెట్టె పెట్టి, మట్టి పరిచి, మొక్కలు నాటి, ఒక బల్లి కోసం ఎదురుచూడ్డం ఎవరికైనా నవ్వులాటే.

ఆ బల్లి పేరు క్రెస్టెడ్ గెకో. కళ్ళ మీద రెప్పవెంట్రుకల్లాంటి మెత్తటి ముళ్ళుంటాయి. దాని సొంతూరు పసిఫిక్ సముద్రంలోని న్యూ కాలెడోనియా. 1866లో శాస్త్రలోకానికి తెలిసింది. తర్వాత ఎవరికీ కనబడక, ఇక అంతరించిపోయిందనుకున్నాక 1994లో మళ్ళీ దొరికింది. ఇప్పుడు పెంచుకునేవాళ్ళ దగ్గరున్నవి పెంపకంలో పుట్టినవే. దానికి 22 నుంచి 26 డిగ్రీల వేడి చాలు, 28 దాటితే అవస్థ పడుతుంది. రాత్రిపూట నీళ్ళు పిచికారీ చేస్తే ఆకుల మీది చుక్కల్ని నాకి దాహం తీర్చుకుంటుంది. అందుకని పెట్టెలో ఒక చిన్న అడవి కావాలి. అడుగున నీరు దిగడానికి మట్టి గుళికలు, వాటిమీద జల్లెడ గుడ్డ, దానిమీద కోకోపీట్, ఎండుటాకులు. మట్టిలో బూజు తినే స్ప్రింగ్‌టెయిల్స్ అనే సూదిమొనంత పురుగులు. పైన పాకడానికి కొమ్మలు, తీగలు. దీన్నే వైవేరియం అంటున్నారు.

అన్నీ అమిరాయి, ఒక్క మూల ఖాళీగా కనబడింది. ఇక్కడే ఒక దుకాణంలో చిన్న పామ్ మొక్క కొన్నాను. ఆ సాయంత్రం నాన్నతో వీడియో కాల్లో ఉంటే వెనకాల టేబుల్ మీద ఆ మొక్క కనబడింది.

"ఏరా, ఆ ఆకు ఓసారి తిప్పి చూపించు."

తిప్పాను. అడుగున తెల్లటి మైనంతో గీసినట్టు చుట్లు చుట్లుగా ముగ్గు ఉంది. నేను దుమ్మనుకున్నాను.

"తెల్లదోమరా అది. లోపల పెట్టకు. ముందు దాన్ని బయట... వద్దు, బయట కూడా పెట్టకు. సంచిలో వేసి మూతి కట్టెయ్."

ఆయన గొంతులో అంత కంగారు నేనెప్పుడూ వినలేదు. ఎందుకో చెప్పాలంటే ఈ గాజుపెట్టె ఎలా పుట్టిందో చెప్పాలి. అది కూడా మా గోదావరి ఒడ్డు నుంచే మొదలుపెట్టొచ్చు.

ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1780లలో, మా గౌతమికి అవతల సామర్లకోటలో, మిరియాలు, కాఫీ, నీలిమందు మొక్కలు పెంచే తోట నడిపాడు. 1787 మే నెలలో కోరింగని ముంచిన ఉప్పెనలో అతని పుస్తకాలు, కాగితాలు కొట్టుకుపోయాయి. మళ్ళీ మొదలుపెట్టి కోరమాండల్ తీరపు మొక్కల మీద పెద్ద గ్రంథం తెచ్చాడు, దానికి బొమ్మలు వేసింది మన దేశపు చిత్రకారులు. 1793లో కలకత్తా తోటకి వెళ్ళిపోయాడు. ఆ కాలంలో బొమ్మలు, విత్తనాలు, ఎండబెట్టిన నమూనాలు సముద్రం దాటేవి గానీ బతికున్న మొక్క దాటడం గగనం. ఓడ పైన పెడితే ఉప్పుగాలి, కింద పెడితే చీకటి. తాగే నీళ్ళకే కటకటగా ఉంటే మొక్కకెవరు పోస్తారు? లండన్‌లో నర్సరీ నడిపిన జార్జ్ లాడిజెస్ లెక్కలో, ఓడెక్కిన ఇరవై మొక్కల్లో పంతొమ్మిది చచ్చేవి.

1829లో నాథనియల్ వార్డ్ అనే లండన్ డాక్టర్ ఒక చిమ్మట ప్యూపాని తడిమట్టిలో పెట్టి, సీసాలో వేసి మూత బిగించాడు. రెక్కలొచ్చి బయటికొచ్చేది చూద్దామని ఆయన సరదా. ఆయన ఉండేది రేవుల పక్కన, బొగ్గుపొగలో. ఇష్టపడి పెంచుకున్న ఫెర్న్‌లన్నీ ఆ పొగకి చచ్చేవి. అలాంటిది, ఈ సీసాలో ఎవరూ నాటకుండానే ఒక ఫెర్న్, ఒక గడ్డిపోచ మొలిచాయి. పగలు ఆవిరైన నీరు గాజుకి పట్టి రాత్రికి మళ్ళీ మట్టిలోకి దిగుతోంది. నీళ్ళు పొయ్యకుండానే అవి దాదాపు నాలుగేళ్ళు బతికాయి. పురుగు కోసం పెట్టిన సీసా మొక్కల చరిత్ర మార్చిందన్నమాట. నేను పెట్టెకి మూత బిగించిన మొదటి రాత్రి గాజు మీద నీటిబొట్లు చూసి చేతులు కట్టుకుని నిలబడిపోయాను. ఆయనా అలాగే నిలబడి ఉంటాడు.

1833లో వార్డ్ రెండు గాజుపెట్టెల్లో మొక్కలు పెట్టి ఆస్ట్రేలియాకి పంపాడు. నెలల తరబడి ఓడ మీదే ఉండి, బతికి చేరాయి. అక్కడి మొక్కలు అవే పెట్టెల్లో లండన్ వచ్చాయి. ఇక లాడిజెస్ లెక్క తిరగబడింది, ఇరవైలో పంతొమ్మిది బతకసాగాయి. తర్వాత జరిగిందంతా మనకి తెలిసిన చరిత్రే, కాకపోతే అందులో ఈ పెట్టె ఉందని తెలీదు. రాబర్ట్ ఫార్చూన్ చైనా నుంచి హిమాలయాల తోటలకి సుమారు 20,000 తేయాకు మొక్కలు పంపింది వీటిలోనే. బ్రెజిల్ నుంచి తెచ్చిన రబ్బరు విత్తనాలు లండన్ క్యూ తోటలో మొలకెత్తాక, 1876లో దాదాపు 1,900 మొక్కలు సింహళానికి వచ్చింది వీటిలోనే. మలేరియా మందు క్వినైన్ నిచ్చే సింకోనా కథ మాత్రం వేరు. 1860లో క్లెమెంట్స్ మార్కమ్ పెరూ నుంచి తెచ్చిన మొక్కలు ఎర్రసముద్రం వేడికి పెట్టెల్లోనే ఉడికిపోయి, ఊటీ చేరినా నిలవలేదు. నీలగిరుల్లో సింకోనా స్థిరపడింది ఇతరులు పంపిన విత్తనాలతో, మొక్కలతో. మూసిన గాజు చెమ్మనే కాదు, వేడినీ పట్టి ఉంచుతుంది. హైదరాబాదు మే నెలలో వైవేరియం పెట్టుకునేవాళ్ళకి మార్కమ్ కథ చాలు.

ల్యూక్ కియో అనే చరిత్రకారుడు 2020లో ఈ పెట్టె మీద ఒక పుస్తకమే రాశాడు. అది చదువుతున్నప్పుడు నన్ను ఆపింది సామ్రాజ్యం సంగతి కాదు, మట్టి సంగతి. పెట్టెలో మొక్క ఒక్కటే పోదు, వేళ్ళకి అంటుకున్న మట్టి కూడా పోతుంది. ఆ మట్టిలో ఏముందో ఎవరూ జాబితా రాయలేదు. 1878లో సుత్తి తలతో ఉన్న ఒక పొడుగాటి చదును పురుగుకి శాస్త్రవేత్తలు క్యూ పేరే పెట్టారు, అక్కడి గాజు ఇంట్లో దొరికింది కనక. నిజానికది ఆగ్నేయాసియాది, కుండీ మట్టిలో దాక్కుని వచ్చింది. బయటి ఉప్పుగాలిని ఆపడానికి కట్టిన పెట్టె లోపలి పురుగుని కూడా అంతే జాగ్రత్తగా కాపాడింది. అన్ని దేశాలూ మెల్లగా మేలుకున్నాయి. మన దగ్గర విధ్వంసక కీటకాల చట్టం 1914లో వచ్చింది.

ఇప్పుడు నాన్న కంగారు దగ్గరికొస్తాను. సర్పిలాకార తెల్లదోమ మధ్య అమెరికా ప్రాంతపు పురుగు. 2004లో దానికి శాస్త్రీయనామం వచ్చింది, 2009లో ఫ్లోరిడాలో కనబడింది, 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో. ఆంధ్రలో తొలిసారి కనబడ్డ చోట్లలో కడియం ఒకటి. రావులపాలెం దాటి జొన్నాడ వంతెన ఎక్కితే ఎంతో దూరం లేదు. ఆ పురుగు విమానం టికెట్ కొనుక్కుని రాలేదు, మొక్కల వెంటే వచ్చి ఉండాలి. అలాగని నర్సరీల వాళ్ళని తిట్టడానికి నాకు నోరు రాదు. నా గదిలోని మొక్కల్లో సగం ఊరెళ్ళినప్పుడు కడియపులంకలో కొన్నవే. ఊరూరికీ మొక్క చేరాలని మనమే కోరుకున్నాం.

ఆ దోమ ఆకు అడుగున రసం పీలుస్తుంది. దాని నుంచి జారే తేనెబంక కింది ఆకుల మీద పడి నల్లటి మసిలాంటి బూజు పడుతుంది. మా తోటలో ఒక వేసవి చెట్లన్నీ పొయ్యి పక్కన పెట్టినట్టు నల్లబడిపోయాయి. కింద కోకో ఆకులు, అరటాకులు కూడా. పురుగుమందు కొడితే దోమని తినే మిత్రకీటకాలు కూడా పోతాయని, కొట్టొద్దని చెప్పారు. ఎన్‌కార్సియా అనే కంటికి ఆనని కందిరీగ ఈ దోమ పిల్లల్లో గుడ్లు పెట్టి వాటిని చంపుతుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళు నమ్ముకోమన్నది ఇలాంటి జీవాలనే. ఏమీ కొట్టకుండా నల్లబడుతున్న చెట్టుని చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో నాన్నని చూస్తే తెలిసింది. రోజూ పొద్దున్నే వెళ్ళి ఒక ఆకు తిప్పి చూసి, ఏం మాట్లాడకుండా వచ్చేవాడు.

నా పెట్టెలోని కోకోపీట్ అంటే కొబ్బరిపీచు తీయగా మిగిలిన పొట్టు. 1860ల నాటికే ఇంగ్లండు తోటమాలులు దాన్ని వాడారు. ఇవాళ ఇటుకలా నొక్కి అమ్ముతారు, నీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది. ఉప్పు పోయేదాకా కడిగి వాడాలి. ప్రపంచంలో ఎక్కడి గెకో అయినా చాలాసార్లు నిలబడేది మనలాంటి కొబ్బరి తీరాల పొట్టు మీదే. దాన్ని పరిచిన పెట్టెలోకి కొబ్బరికి శత్రువుని నా చేత్తోనే తేబోయాను.

ఆ పామ్ మొక్కని సంచిలో కట్టి, రెండ్రోజులు ఎండలో ఉడకబెట్టి పారేశాను. మిగతా మొక్కల వేళ్ళు కడిగి, పాత మట్టి తీసేసి, నెల రోజులు వేరే గదిలో ఉంచాను. రోజూ ఆకులు తిప్పి చూశాను, నాన్నలాగే. పెట్టెలోంచి తీసిన మట్టీ, కత్తిరించిన తీగలూ ఇప్పుడు అపార్ట్‌మెంట్ పూలమడిలో వెయ్యను. వాటినీ సంచిలో ఎండబెట్టాకే బయటికి పంపుతాను. ఊరికి మొక్క తీసుకెళ్ళడం మానేశాను.

బల్లి వచ్చి మూడు నెలలైంది. పగలంతా మనీప్లాంట్ ఆకుల వెనక పడుకుని, రాత్రి గాజు మీద పాకుతుంది. ఆ మనీప్లాంట్ సొంతూరు కూడా పసిఫిక్ దీవే అట. మొన్న వీడియో కాల్లో నాయనమ్మకి చూపిస్తే, "దీని మెళ్ళో గొలుసొక్కటే తక్కువ" అంది. నాన్న మాత్రం బల్లిని చూళ్ళేదు.

"ఆ వెనకాల ఆకు, దాన్ని తిప్పు."

తిప్పాను. శుభ్రంగానే ఉంది.