ఆ నలుగురూ లేని చోట
(నల్లజాతి కళాకారుల సహాయ సంఘాల చరిత్ర - మన డ్యూసెల్‌డార్ఫ్‌కు దానితో గల సంబంధం)

మనిషికి చివరకు మోసేందుకు నలుగురు కావాలని మన పెద్దలంటారు. పుట్టిన ఊళ్ళో ఉన్నవానికి ఆ నలుగురి కోసం వెతుక్కోవలసిన పని లేదు. ఇరుగుపొరుగులు, బంధువర్గం ఉండనే ఉంటారు. పరదేశం పట్టిన వాడు మాత్రం వారిని తానే కూడగట్టుకోవాలి. మన తాతముత్తాతలు ఓడలెక్కి బర్మాకు, మారిషసుకు, నాటాలుకు వెళ్ళిన కాలంలో ఎవరికైనా జబ్బు చేసినా, చావు వచ్చినా తలా కొంత వేసుకుని గట్టెక్కించుకున్నారు. 1931లో దక్షిణాఫ్రికాలో ఆంధ్ర మహాసభ ఏర్పడిందంటే దాని వెనుక ఉన్నది ఇటువంటి అవసరమే. కనుక పరస్పర సహాయ సంఘమంటే ఏమిటో మన కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు.

ఆటపాటలతో బ్రతికేవారికి ఈ అవసరం మరీ ఎక్కువ. పంట పొలం ఉన్నవాడు ఒక కారు పోతే మరొక కారుకు కోలుకుంటాడు. కాలు విరిగిన నర్తకునికి, గొంతు పోయిన గాయకునికి ఆ అవకాశం లేదు. మన సురభి నాటక సమాజం సంగతి చూడండి. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారి చేతి మీదుగా 'కీచక వధ'తో మొదలైన ఆ సమాజం, కుటుంబమంతా కలిసి వండుకు తిని, కలిసి ఆడి, కలిసి తిరిగినందువల్లనే తరతరాలు నిలిచింది. కుటుంబమే వారికి సహాయ సంఘం. కుటుంబానికి దూరమై, చర్మపు రంగు వల్ల బయటివాడుగా మిగిలిన కళాకారుని గతి ఏమిటి? ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది అటువంటి వారి చరిత్ర.

ముందుగా అమెరికాను చూద్దాం. న్యూయార్కు నగరంలో 1910లో జేమ్స్ రీస్ యూరప్ అనే నల్లజాతి సంగీత దర్శకుడు 'క్లెఫ్ క్లబ్' స్థాపించాడు. వాయిద్యకారులకు కచేరీలు కుదర్చడం, సరైన మజూరీ ఇప్పించడం దాని పని. ఆయన శిష్యుడు, సహచరుడు అయిన నోబుల్ సిస్సిల్ తరువాతి రోజులలో మరొక పెద్ద సంఘానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. అదే 1936లో ఏర్పడి 1937లో పని ప్రారంభించిన 'నీగ్రో యాక్టర్స్ గిల్డ్ ఆఫ్ అమెరికా'. ఆ కాలంలో వాడుకలో ఉన్న మాటే దాని పేరులోనూ ఉంది. కాథలిక్ నటులకు, యూదు నటులకు వారి వారి సంఘాలు అప్పటికే ఉండేవి. వాటి పద్ధతిలోనే ఇది కూడా నడిచింది. ప్రసిద్ధ నర్తకుడు బిల్ రాబిన్సన్ గౌరవాధ్యక్షుడు. నటి ఫ్రెడీ వాషింగ్టన్ కార్యనిర్వాహక కార్యదర్శి. జబ్బుపడినవారికి వైద్యం ఖర్చు, వృద్ధులకు చేయూత, దిక్కులేక చనిపోయినవారికి గౌరవంగా అంత్యక్రియలు - ఇవీ గిల్డు చేసిన పనులు. నల్లవారిని వెకిలి పాత్రలలోనే చూపించే అలవాటును కూడా అది ఎదిరించింది. 1982 వరకు ఆ సంఘం నిలిచింది.

ఇక మనం నివసించే జర్మనీకి వద్దాం. ఇక్కడ ఇటువంటి సంఘం అమెరికా గిల్డు కంటె ముందే పుట్టిందని మనలో చాలామందికి తెలియదు. 1884 నుండి కామెరూన్, టోగో జర్మనీ వలస రాజ్యాలు. అక్కడి నుండి చదువుకోసమో, పనికోసమో, ప్రదర్శనలలో చూపడానికి తీసుకురాబడో వచ్చిన ఆఫ్రికన్లు ఇక్కడ స్థిరపడ్డారు. మొదటి ప్రపంచ యుద్ధంతో జర్మనీ వలసలు పోయాయి. వీరు ఇటు జర్మనీ పౌరులూ కారు, అటు స్వదేశానికి వెళ్ళే దారీ లేదు. ఆ గడ్డు కాలంలో, 1918లో, హాంబర్గులో 'ఆఫ్రికన్ సహాయ సంఘం' ఏర్పడింది. జర్మన్ భాషలో దాని పేరు 'ఆఫ్రికానిషర్ హిల్ఫ్స్‌ఫెరైన్'. సభ్యులలో ఎక్కువమంది కామెరూన్ వారు. పని చూపించడం, బస చూపించడం, కచేరీలలో అధికారుల ముందు సభ్యుని తరఫున మాట్లాడడం దాని ఆశయాలు. అది నటులకు మాత్రమే ఏర్పడిన సంఘం కాదు. కాని యుద్ధం తరువాత మామూలు కొలువులు దొరకక ఆఫ్రికన్లలో చాలామంది సర్కసులోకి, సినిమాలోకి, బాండుమేళాలలోకి వచ్చారు గనుక, అది చాలావరకు కళాకారులకు అండగా నిలిచింది.

ఆ సంఘంలో ముఖ్యుడు లూయీ బ్రోడీ. అసలు పేరు లుడ్విగ్ ఎంబేబే ఎంపెసా. 1892లో కామెరూన్‌లోని డువాలాలో పుట్టాడు. ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 1921 నాటి మూగ చిత్రంలో కూడా నటించాడు. ఆ రోజులలో రైన్ నదీ తీరాన్ని ఫ్రెంచి సైన్యం ఆక్రమించి ఉంది. అందులో ఆఫ్రికా నుండి తెచ్చిన దళాలు కూడా ఉన్నాయి. 1921 మార్చిలో మన డ్యూసెల్‌డార్ఫ్ కూడా ఆక్రమణలోకి వెళ్ళింది. ఆ నల్ల సైనికులను రాక్షసులుగా చిత్రిస్తూ దేశమంతటా ఒక విష ప్రచారం సాగింది. దాని దెబ్బ, ఆ సైన్యంతో ఏ సంబంధమూ లేక బెర్లినులోనో హాంబర్గులోనో బ్రతుకుతున్న నల్లవారి మీద పడింది. 1921 మే నెలలో బ్రోడీ సంఘం తరఫున ఒక బెర్లిన్ దినపత్రికలో బహిరంగంగా నిరసన ప్రకటించాడు. రొట్టె ముక్క అందించడం ఒక సహాయం, నలుగురి తరఫున నోరు విప్పడం మరొక సహాయం. రెండవదే కష్టం.

ఆ సంఘం ఎన్నో ఏళ్ళు నిలవలేదు. 1929లో బెర్లినులో జోసెఫ్ బిలే మొదలైనవారు నల్లజాతి రక్షణకు మరొక సంఘం పెట్టారు. 1930 చివర బ్రోడీ ప్రధాన పాత్ర వహించగా నల్లజాతి కళాకారులే స్వయంగా ఒక సంగీత నాటక ప్రదర్శన ఇచ్చారు. ఇతరులు వ్రాసిన వేషం కాక తాము వ్రాసుకున్న వేషం కట్టడమే అందులోని విశేషం. 1933లో హిట్లరు అధికారంలోకి రావడంతో ఇటువంటి సంఘాలకు తావు లేకుండా పోయింది.

ఆ సంవత్సరమే మన నగరంలో జరిగిన ఒక ఘోరాన్ని ఇక్కడ చెప్పాలి. హిలారియస్ గిల్గెస్ 1909లో డ్యూసెల్‌డార్ఫ్‌లోనే పుట్టిన నల్లజాతి జర్మన్ యువకుడు. కూలిపని చేస్తూ, తనంతట తానే నృత్యం నేర్చుకుని, నటుడు వోల్ఫ్‌గాంగ్ లాంగ్‌హోఫ్ నడిపిన కార్మిక నాటక బృందంలో ఆడాడు. కమ్యూనిస్టు కావడంతో 1931లో జైలుకు కూడా వెళ్ళాడు. భార్య, ఇద్దరు పిల్లలు. 1933 జూన్ 20న నాజీలు అతణ్ణి పట్టుకుపోయి చంపి రైన్ ఒడ్డున వంతెన వద్ద పడవేశారు. అప్పటికి అతనికి 24 ఏళ్ళు. హంతకులకు శిక్ష పడలేదు. లాంగ్‌హోఫ్ అప్పటికే నిర్బంధంలో ఉన్నాడు, పార్టీ నిషేధంలో ఉంది. బహిరంగంగా న్యాయం అడగడానికి ఏ సంఘమూ మిగలలేదు.

1933 సెప్టెంబరులో ప్రభుత్వం ఒక సాంస్కృతిక మండలిని ఏర్పరచి, అందులో సభ్యత్వం లేనిదే ఎవరూ వేదిక ఎక్కరాదన్నది. నల్లవారి బ్రతుకు తెరువు మూతపడింది. టోగోలో పుట్టిన పియానో విద్వాంసుడు క్వాసీ బ్రూస్ 1934లో తమవారి దుస్థితిని ప్రభుత్వానికి వ్రాతపూర్వకంగా విన్నవించుకున్నాడు. తరువాత 'జర్మన్ ఆఫ్రికా ప్రదర్శన' అనే సంచార బృందం నడిచింది. అది కొందరికి కూడు పెట్టిన మాట నిజం. కాని పగ్గాలు ప్రభుత్వ, పార్టీ శాఖల చేతికి పోయాయి. 1940లో దానినీ మూసివేశారు. సహాయం అనే మాట ఒక్కటే అయినా, పద్దు పుస్తకం ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న. తమ సంఘం లేనివాడు పెట్టేవాడు చెప్పినట్లు ఆడాలి. ఒకనాడు నిరసన వ్రాసిన బ్రోడీయే 1941లో నాజీల వలస ప్రచార చిత్రాలలో నటించవలసి వచ్చింది. ఆయనను తప్పు పట్టడానికి మాకు నోరు రాదు.

ఈ లోపల 1938 మే నెలలో మన డ్యూసెల్‌డార్ఫ్‌లోనే 'చెడిపోయిన సంగీతం' పేరిట నాజీలు ఒక ప్రదర్శన పెట్టారు. సాక్సఫోను వాయిస్తున్న నల్లవాణ్ణి వికారంగా గీసి, అతని రొమ్ముపై యూదుల నక్షత్రం తగిలించి దాని చిన్న పుస్తకానికి అట్టగా వేశారు. న్యూయార్కులో గిల్డు వారు తమ కళాకారుని మర్యాద కాపాడుతున్న ఆ రోజులలోనే, ఇక్కడ ఆ కళాకారుణ్ణి నవ్వులపాలు చేశారు. అమెరికాలో వర్ణ వివక్ష లేదని దీని అర్థం కాదు. అక్కడా అది ఘోరంగానే ఉండేది. కాని అక్కడ సంఘం బ్రతికి ఉంది.

బ్రోడీ 1951లో బెర్లినులో మరణించాడు. 1980ల నడుమ జర్మనీలోని నల్లజాతివారు మళ్ళీ తమ సంఘాన్ని నిర్మించుకున్నారు. 2003లో మన నగర పాలకులు కళా అకాడమీ వద్ద ఒక చౌకుకు హిలారియస్ గిల్గెస్ పేరు పెట్టారు. మన పిల్లలు ఆ దారిన వెళ్ళినప్పుడు ఆ పలక చదివి ఆ పేరు ఎవరిదో తెలుసుకోవాలని మా కోరిక.

ఈ పండుగనాడు ఇంత విషాదం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. పండుగ చేసుకోవడానికి సంఘం ఎలాగూ ఉంటుంది. అది నిజంగా ఉన్నదీ లేనిదీ తెలిసేది పండుగ కాని రోజున. మన సభ్యుల పట్టికలో ఆసుపత్రిలో ఉన్నవారెవరు, ఒంటరిగా ఉన్న పెద్దలెవరు, కాగితాలు చిక్కుపడి ఇబ్బందిలో ఉన్న కొత్త కుర్రవాళ్ళెవరు అన్న లెక్క కూడా ఉండాలి. మనవాడు కాని పొరుగువానికి అన్యాయం జరిగినప్పుడు నోరు విప్పే ధైర్యమూ ఉండాలి. మోసేందుకు నలుగురు దొరకడం ఒక ఎత్తు. బ్రతికుండగా నిలబెట్టే నలుగురు కావడం మరొక ఎత్తు. మన సంఘం ఆ రెండవదాని కోసం వర్ధిల్లాలని కోరుతున్నాము.