ఒక టన్ను సంసారం

మావారిది బదిలీల ఉద్యోగం. ఇరవయ్యేళ్లలో తొమ్మిదిసార్లు ఇల్లు మారాం. ఆర్డరు చేతికి రాగానే ఆయన లారీవాడితో బేరానికి పరిగెత్తేవారు. నేను పాత చీరలు బయటికి లాగి గాజుసామానూ, ఆవకాయ జాడీలూ చుట్టబెట్టడం మొదలుపెట్టేదాన్ని. మా అత్తగారు మాత్రం కూర్చున్న పీట మీంచి కదిలేవారు కాదు. "సామాన్ల సంగతి తర్వాత చూద్దురుగాని, ముందివి కనుక్కోరా అబ్బాయ్" అని కొడుకుని మూడంటే మూడు ప్రశ్నలు వేసేవారు. అక్కడ నీళ్లెలాగ? డాక్టరు ఎంత దూరం? పక్కింటివాళ్లెవరు?

మూడింటికీ మావారి జవాబు ఒక్కటే: "వెళ్లాక తెలుస్తుందిలే అమ్మా."

ఈమధ్య అలాస్కా చరిత్ర చదువుతూ ఉంటే ఆవిడే గుర్తొచ్చారు. ఎందుకంటే 1935లో అమెరికా ప్రభుత్వం 203 కుటుంబాల్ని భూగోళానికి ఉత్తరపు కొసన కాపురం పెట్టించింది. ఎకరాలు లెక్కగట్టారు, అప్పు లెక్కగట్టారు, ఆఖరికి సామాను బరువు కూడా లెక్కగట్టారు. మా అత్తగారి మూడు ప్రశ్నలు మాత్రం ఎవరూ గట్టిగా వేసుకోలేదు.

సంగతేమిటంటే, 1929లో మొదలైన ఆర్థికమాంద్యం అప్పటికింకా తగ్గలేదు. మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ రాష్ట్రాల ఉత్తర భాగాల్లో కలప కోసం అడవులు కొట్టేసిన నేలలున్నాయి. అక్కడ సేద్యం గిట్టుబాటు కాక ఎంతోమంది రైతులు సర్కారు సాయం మీద రోజులు వెళ్లదీస్తున్నారు. రూజ్వెల్ట్ ప్రభుత్వానికి ఒక ఆలోచన వచ్చింది. ఎలాగూ వీళ్లని పోషిస్తున్నాం కదా, ఖాళీగా ఉన్న అలాస్కాకి పంపిస్తే అక్కడ వ్యవసాయం పెరుగుతుంది, వీళ్లూ తమ కాళ్లమీద తాము నిలబడతారు. చలికి అలవాటుపడ్డవాళ్లని ఏరారు. ఒక్కో కుటుంబానికి 40 ఎకరాలు, ఒక ఇల్లు, పశువులకో కొట్టం. ఇదంతా దానం కాదు సుమండీ. సుమారు 3,000 డాలర్ల అప్పు, నూటికి 3 వడ్డీ, 30 ఏళ్లలో తీర్చాలి.

వెళ్లవలసిన చోటు మాటనుస్కా లోయ. ఆంకరేజి పట్నానికి ఈశాన్యంగా, పామర్ అనే రైల్వే స్టేషను చుట్టూ ఉన్న నేల. రైలైతే ఉందిగాని కరెంటు తీగె లేదు, కొళాయి లేదు. చెట్లు నరికి, మొద్దులు పెళ్లగిస్తేగాని నాగలి దిగదు.

ఇక సామాను. కుటుంబానికి 2,000 పౌన్లు మించకూడదన్నారు. అంటే అమెరికా లెక్కలో ఒక టన్ను, మన లెక్కలో ఇంచుమించు 900 కిలోలు. ఇవాళ మన పిల్లలు అమెరికా వెళ్లేముందు 23 కిలోల పెట్టెని పదిసార్లు తూచి, పచ్చడి డబ్బా ఒకటి తీసి మళ్లీ పెట్టి అవస్థపడతారు కదా, అలాంటిదే ఇదీనూ. కాకపోతే ఇక్కడ తూచవలసింది సంసారాన్ని మొత్తం.

ఈ టన్ను లెక్క ఆ ఉత్తరదేశానికి కొత్తేమీ కాదు. అంతకు నలభై ఏళ్ల ముందు, 1897, 98ల్లో, కెనడాలోని క్లాండైక్ నది దగ్గర బంగారం దొరికిందని జనం ఎగబడ్డారు. తిండి లేక చస్తారని భయపడి, సరిహద్దు కొండదారిలో కెనడా పోలీసులు కాపలా పెట్టారు. ఏడాదికి సరిపడా తిండి వెంట లేనివాళ్లని లోపలికి రానిచ్చేవారు కాదు. తిండీ, పనిముట్లూ, గుడారమూ కలిపి మనిషికి ఇంచుమించు ఒక టన్ను తేలేది. పిండి 400 పౌన్లు, చిక్కుడు గింజలు 100 పౌన్లు, పంచదార, ఉప్పు, కొవ్వొత్తులు, సబ్బు ఇలా సాగేవి ఆనాటి జాబితాలు. చిల్కూట్ కనుమ దగ్గర, మంచులో చెక్కిన మెట్లమీద, ఆ టన్నునంతటినీ వీపున వేసుకుని ఎక్కించాలంటే ఒక్కో మనిషి ముప్ఫై నలభైసార్లు ఎక్కి దిగవలసి వచ్చేది.

ఆ గుంపులోనే 1898లో మార్తా పర్డీ అనే ఆవిడ కూడా కనుమ దాటింది. భర్త రానంటే తమ్ముడి తోడు తీసుకుని బయల్దేరింది. దారిలో ఉండగా తాను గర్భవతినని తెలిసింది. 1899 జనవరిలో, డాసన్ ఊళ్లో ఒక దుంగల గుడిసెలో మగపిల్లవాణ్ని కన్నది. మగవాడి కోసం రాసిన ఆ టన్ను జాబితాల్లో పురిటి మాట ఎందుకుంటుంది చెప్పండి? ఆవిడే తర్వాత మార్తా బ్లాక్ అయింది. 1935లో, 69 ఏళ్ల వయసులో, కెనడా పార్లమెంటుకి ఎన్నికైంది. మన మాటనుస్కా వాళ్లు రైలెక్కిన సంవత్సరమే అది.

క్లాండైక్‌లో టన్నుకి తక్కువైతే రానివ్వలేదు, మాటనుస్కాకి టన్నుకి ఎక్కువైతే ఎక్కించుకోలేదు. రెండుచోట్లా తక్కెడ ఒకటే. ఆ తక్కెడలో వెయ్యడానికి వీలులేనివే తర్వాత అవసరపడ్డాయి.

ఆ ఇళ్లలో సామాను సర్దిన రోజులు మనం ఊహించుకోవచ్చు. కుట్టుమెషీను వదల్లేం. ఇనప పొయ్యి బరువు, కానీ చలిదేశంలో అదే ప్రాణం. అమ్మ ఇచ్చిన అద్దాల బీరువా ఉంచాలా, దాని బరువుకి దుప్పట్లు పెట్టాలా? తొట్టెలో పిల్లకి రెండేళ్లొస్తాయి, ఇంకా తొట్టె ఎందుకంటాడు మగడు. మళ్లీ అవసరం రాదని ఎవరు చెప్పారంటుంది ఆవిడ. తొమ్మిదిసార్లు మూటలు కట్టినదాన్ని, ఈ తగాదా ఏ దేశంలోనైనా ఒకే భాషలో జరుగుతుందని నా నమ్మకం.

మిన్నెసోటా వాళ్లు 67 కుటుంబాలు ముందు బయల్దేరాయి. శాన్‌ఫ్రాన్సిస్కో దాకా రైలు, అక్కణ్ణించి సెయింట్ మిహియెల్ అనే సైన్యం ఓడలో సీవర్డ్ రేవు, మళ్లీ రైలు. మే 10న పామర్‌లో దిగారు. విస్కాన్సిన్, మిషిగన్ వాళ్లు సియాటిల్ నుంచి ఓడెక్కి అదే నెలలో వచ్చి కలిశారు. చూస్తే ఇళ్లేవీ? వరసగా గుడారాలు వేసి ఉన్నాయి. కింద చెక్కలు, పైన గుడ్డ. కరుగుతున్న మంచుతో ఊరంతా బురద. వేసవి ముదిరేసరికి దోమలు.

మే 23న భూములకి చీటీలు తీశారు. ఇంటి యజమానులు ఒక్కొక్కరే వెళ్లి పెట్టెలో చెయ్యిపెట్టి చీటీ తీసుకున్నారు. ఏ 40 ఎకరాలు ఎవరివో తేలింది. ఆ తర్వాత జరిగింది నాకు భలే నచ్చింది. తెలిసినవాళ్ల పక్కన ఉండాలని కొందరు చీటీలు మార్చుకున్నారుట! నేల మంచిదా కాదా అన్నది ఒక ఎత్తు, పక్కింటివాళ్లెవరన్నది ఒక ఎత్తు. మా అత్తగారి మూడో ప్రశ్నకి వాళ్లంతట వాళ్లే జవాబు వెతుక్కున్నారన్నమాట.

మొదటి రెండూ మాత్రం అంత తేలిగ్గా తెమల్లేదు. పై నుంచి రావలసిన రంపాలూ, మేకులూ, యంత్రాలూ వేళకి రాలేదు. వచ్చినవి ఈ పనికి పనికొచ్చేవి కావు. బావులు తవ్వించలేదు. ఉన్న కాస్త నీళ్లూ మోసి తెచ్చుకోవాలి. పసిపిల్లల గుడ్డలుతికే ఇల్లాళ్లకి ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. అంతలో గుడారాల్లో తట్టు వచ్చింది, స్కార్లెట్ జ్వరం వచ్చింది. పక్కపక్కనే గుడ్డగోడలు. ఒక పిల్లకి వస్తే వరసకంతటికీ పాకుతుంది. సరైన ఆసుపత్రి లేదు, స్థిరంగా ఉండే డాక్టరు లేడు. కొందరు పిల్లలు చనిపోయారు.

టన్ను సామాను తూచి పంపినవాళ్లకి ఈ ఒక్కటి తోచకపోవడమేమిటి! వందలమంది జనం వెళుతున్నారు, అందులో సగానికి పైగా పిల్లలు. గొడ్లకి కొట్టం ఎంత పొడుగు, ఎంత వెడల్పు అన్నది కాగితం మీద గీశారు. అటూ ఇటూ 32 అడుగులు. పిల్లవాడికి జ్వరమొస్తే ఎక్కడికి తీసుకెళ్లాలన్నది గియ్యలేదు. ఆ కాగితాలు రాసినవాళ్లు చెడ్డవాళ్లని నేననను. రాత్రి రెండు గంటలకి ఒళ్లు కాలే పసివాణ్ని భుజాన వేసుకుని తిరిగినవాళ్లు ఆ బల్ల దగ్గర లేరు, అంతే.

జూన్‌లో కొందరు కడుపుమండి వాషింగ్టన్‌కి టెలిగ్రాం కొట్టారు. ఇళ్లు లేవు, బావులు లేవు, రోడ్లు లేవు, విచారణ జరిపించండి అని. పత్రికలు రాశాయి, ప్రభుత్వం కదిలింది. ఆ ఏడాదే ఎర్ల్ ఆల్‌బ్రెక్ట్ అనే డాక్టరు అక్కడి ఆసుపత్రి పనికి వచ్చాడు. తర్వాతి కాలంలో ఆయన అలాస్కా మొత్తానికీ ఆరోగ్యశాఖ అధిపతి అయ్యాడు. ఇళ్ల పనీ జోరందుకుంది. అయిదు రకాల నమూనాల్లోంచి ఎవరికి నచ్చింది వాళ్లు ఎంచుకున్నారు. చలి ముదిరేలోగా చాలామంది గుడారాలు వదిలి గోడల మధ్యకి చేరారు.

అయినా కరెంటు లేదు. డిసెంబరులో అక్కడ పగలు అయిదున్నర గంటలే. తక్కిన పద్దెనిమిదిన్నర గంటలూ కిరసనాయిలు దీపమే. పొయ్యిలోకి కట్టెలూ, దగ్గరి గనుల బొగ్గూను. కొండల్లోంచి ఈడ్చికొట్టే గాలికి ఆ లోయ పెట్టింది పేరు. ఊరంతటికీ కరెంటు తెచ్చుకుందామని సహకార సంఘం పెట్టుకున్నది 1941లో. అంటే ఆరేళ్లపాటు ఇల్లాలే ఆ ఇంటికి కరెంటు.

మనకి ఎండలుంటాయి గనక ఆవకాయ, వడియాలు, ఒరుగులు. వాళ్లకి ఎండలు చాలవు గనక గాజుసీసాలు. వేసవిలో పండిన కూరలూ, అడవిలో ఏరిన పుల్లపళ్లూ, సాల్మన్ చేపా, మూస్ దుప్పి మాంసమూ సీసాల్లో పెట్టి, ఉడికించి, గాలి చొరకుండా బిగించేవాళ్లు. బంగాళాదుంపలూ, క్యారెట్లూ నేలమాళిగలో దాచేవాళ్లు. చలికాలమంతా ఆ అరల వంక చూసుకుంటూ లెక్కపెట్టుకోవడమే. మే నెలలో జాడీలు వరసగా పెట్టుకుని తృప్తిగా చూసుకునే మనకి ఆ చూపు అర్థం కాదూ?

ఇంకొక్క మాట చెప్పాలి. ఆ లోయ ఖాళీగా ఉందనుకున్నారు గాని, లేదు. దెనైనా, ఆట్నా అనే తెగలవాళ్లు వందల ఏళ్లుగా ఆ నేలమీద బతుకుతున్నారు. వేసవిలో సాల్మన్ ఎండబెట్టి, జంతువులకి అందకుండా గుంజలమీద కట్టిన కొట్లలో దాచుకోవడం వాళ్ల విద్య. అక్కడ చలికాలం గడపడమెలాగో తెలిసిన ఇరుగుపొరుగు వాళ్లే. కార్యాలయం కాగితాల్లో వాళ్ల ఊసు లేదు.

చివరికి ఏమైందంటారా? 1940 నాటికే మొదట వచ్చినవాళ్లలో సగం మందికి పైగా లోయ వదిలి వెళ్లిపోయారు. 1965 నాటికి ఆ మొదటి కుటుంబాల్లో ఇంకా సేద్యం చేస్తున్నవి ఇరవయ్యే. ఈ లెక్క చూపించి, ప్రయత్నం తప్పిపోయిందని కొందరు రాశారు. నాకలా అనిపించదు. బిడ్డని పోగొట్టుకున్నచోట ఉండలేక వెళ్లిపోయిన తల్లిని ఓడిపోయిందనే నోరు నాకు లేదు. ఉండిపోయినవాళ్లు పాల సహకార సంఘం పెట్టారు, దుంగలతో చర్చి కట్టుకున్నారు. 1936లోనే పామర్‌లో సంత మొదలుపెట్టారు. వేసవిలో పందొమ్మిది గంటల పగలుంటుంది గనక అక్కడ క్యాబేజీలు రాక్షసుల్లా పెరుగుతాయి. 2012లో ఆ సంతకి వచ్చిన క్యాబేజీ ఒక్కటి 62 కిలోలు దాటింది. టన్ను సామానుతో వచ్చినవాళ్ల ఊరు కదా, తూకం మాత్రం వదల్లేదు!

మా అత్తగారు ఇప్పుడు లేరు. మావారు రిటైరై, మూటలు కట్టే పని నాకు తప్పి చాలాకాలమైంది. పోయిన నెల మా అమ్మాయి ఫోను చేసింది. అల్లుడికి ఎడ్మంటన్‌లో ఉద్యోగమొచ్చింది, పిల్లలతో సహా కెనడా వెళుతున్నాం, చలికోట్లు ఎన్ని కొనాలో లెక్క వేస్తున్నాను అంది. నాకు తెలియకుండానే నా నోట్లోంచి ఆవిడ మాటలే వచ్చాయి.

"కోట్ల సంగతి తర్వాత చూద్దువుగాని, అక్కడ నీళ్లెలాగ? డాక్టరు ఎంత దూరం? పక్కింటివాళ్లెవరు?"

నవ్వింది. చలికి గొట్టాలు గడ్డకట్టకుండా ఏం చేస్తారో, ఆసుపత్రికి కారులో ఎన్ని నిమిషాలో గడగడా చెప్పింది. మూడోదాని దగ్గరికొచ్చేసరికి మాత్రం కాస్త ఆగింది.

"వెళ్లాక తెలుస్తుందిలే అమ్మా" అంది, అచ్చం తండ్రిలాగే.