డిస్కు పాడైతే కబురు పంపేదెవరు?

నర్సీపట్నంలో సెంటు స్థలం కొనాలన్నా ముందుగా ఈసీ (ఆస్తి లావాదేవీల చరిత్ర చెప్పే పత్రం) తీయించి చూసుకుంటారు. ఒకప్పుడు ఆ పత్రం చేతికి రావాలంటే రిజిస్ట్రార్ ఆఫీసులో లావుపాటి రికార్డు పుస్తకాలు తిరగేయాలి, రోజుల తరబడి తిరగాలి. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘కార్డ్’ పథకం ప్రారంభించి 214 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలను కంప్యూటరీకరించింది. రోజుల పని నిమిషాల్లోకి వచ్చింది. తాతముత్తాతల ఆస్తి హక్కుల చరిత్ర కాగితం మీది నుంచి డిస్కులోకి చేరడం మొదలైంది.

కాగితానికి చెద పడితే కంటికి కనిపిస్తుంది. డిస్కు లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనిపించదు. అందుకే, తన బాగోగులు తానే చెప్పుకునే విద్యను యంత్రానికి నేర్పాల్సి వచ్చింది.

మొదట్లో ఆ అవసరం అంతగా లేదు. 1956లో ఐబీఎం తెచ్చిన ర్యామక్ కంప్యూటర్‌లోని డిస్క్ విభాగంలో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. అన్నీ కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలే. యంత్రం పక్కనే ఆపరేటర్ కూర్చునేవాడు. దీపం వెలిగినా శబ్దం మారినా అతనికి వెంటనే తెలిసేది.

కథ మలుపు తిరిగింది 1988లో. కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ కలిసి ‘రెయిడ్’ మీద తమ ప్రసిద్ధ పరిశోధన పత్రాన్ని వెలువరించారు. ఖరీదైన ఒక పెద్ద డిస్కుకు బదులు చవకైన చిన్న డిస్కులను జట్టుగా వాడాలన్నది వారి ఆలోచన. జట్టులో ఒకటి చెడిపోయినా, మిగిలినవాటి సాయంతో సమాచారాన్ని తిరిగి నిర్మించుకోవచ్చు. అయితే ఈ మేలులోనే ఒక ప్రమాదం కూడా ఉంది. ఒక డిస్కు పోయినా పని ఆగదు కాబట్టి, పోయిన సంగతి ఎవరికీ తెలియదు. తెలియక నెలల తరబడి వదిలేస్తే, ఈలోగా రెండోది కూడా పోవచ్చు. ఒక్క డిస్కు నష్టాన్నే తట్టుకోగల అమరికలో అంతటితో సమాచారం గల్లంతే. రెయిడ్ ఇచ్చే రక్షణ, మొదటి డిస్కు పోయిన కబురు సకాలంలో అందినప్పుడే నిజమైన రక్షణ.

ఆ కబురు మోసే దారి కూడా 1988లోనే సిద్ధమైంది. జెఫ్రీ కేస్, మార్క్ ఫెడోర్, మార్టిన్ షాఫ్‌స్టాల్, జేమ్స్ డేవిన్ ‘ఎస్‌ఎన్‌ఎంపీ’ అనే నెట్‌వర్క్ పర్యవేక్షణ పద్ధతిని ప్రకటించారు. అందులో ‘ట్రాప్’ అనే సందేశం ఉంది. ఎవరూ అడగకుండానే, ఇబ్బంది రాగానే యంత్రం తనంతట తాను 162వ పోర్టుకు పంపే కబురు అది. లోపమల్లా ఒకటే: అది చేరిందో లేదో పంపిన యంత్రానికి తెలియదు. 1993 నాటి రెండో రూపంలో ‘ఇన్‌ఫామ్’ చేర్చి, అందినట్టు జవాబు వచ్చే ఏర్పాటు చేశారు. సందేశం దారిలో ఎవరి కంటా పడకుండా కాపాడే మూడో రూపం 2002లో పూర్తి ప్రమాణమైంది.

ఏ కబురుకు ఎంత తొందర పడాలో తేల్చినది ‘సిస్‌లాగ్’. 1980లలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ కోసం రాసిన ఈ పద్ధతిలో సున్నా నుంచి ఏడు దాకా ఎనిమిది తీవ్రతా స్థాయులున్నాయి. సున్నా అంటే అంతా కుప్పకూలినట్టు. నర్సీపట్నం వారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేసిన అల్లూరి సీతారామరాజు, రాబోయే దాడి గురించి ముందే మిరపకాయ టపా పంపేవాడని మన్యంలో నేటికీ చెప్పుకుంటారు. ఉత్తరం విప్పకముందే, దానికి కట్టిన మిరపకాయే విషయం ఘాటును చెప్పేసేది. సిస్‌లాగ్‌లో ఆ పని సందేశం ముందుండే అంకె చేస్తుంది.

తర్వాత డిస్కు తన ఆరోగ్యాన్ని తానే కొలుచుకోవడం నేర్చింది. 1992లో ఐబీఎం, ఆ తర్వాత కాంపాక్ చేసిన ప్రయత్నాల నుంచి ‘స్మార్ట్’ ప్రమాణం రూపుదిద్దుకుంది. చెడిన భాగాల లెక్క, వేడి, చదవడంలో పొరపాట్లు అది నమోదు చేస్తుంది. పెద్ద సంస్థల్లో డిస్కుల జట్టును ఉంచే స్టోరేజ్ పెట్టెలైతే మోడెం ద్వారా తయారీదారు సేవా కేంద్రానికి తామే ఫోన్ చేసేవి. దీనికే ‘కాల్ హోమ్’ అని పేరు.

ఇంత చేసినా ధీమా పనికిరాదు. లక్షకు పైగా డిస్కులను గమనించి గూగుల్ పరిశోధకులు 2007లో ప్రకటించిన అధ్యయనంలో, చెడిపోయినవాటిలో 56 శాతానికి పైగా డిస్కులు ముఖ్యమైన నాలుగు స్మార్ట్ సూచికల్లో ఒక్కటీ చూపలేదని తేలింది. అలర్టు వచ్చిందంటే పట్టించుకోవాల్సిందే. రాలేదంటే డిస్కు బాగున్నట్టు కాదు, బ్యాకప్ ఉండి తీరాలి.

కబురు వెళ్లే దారులు కూడా మూసుకుపోతుంటాయి. 2022 మే 30 నుంచి గూగుల్, మామూలు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లతోనే జీమెయిల్ ఖాతాలోకి వచ్చే పాత యాప్‌లను, పరికరాలను నిలిపివేయడం మొదలుపెట్టింది. ఆ పద్ధతిలో మెయిలు పంపే స్టోరేజ్ పెట్టెలకు, సీసీ కెమెరా రికార్డర్లకు ‘యాప్ పాస్‌వర్డ్’ తీసుకుని పెట్టక తప్పలేదు. ఎస్సెమ్మెస్ సంగతీ అంతే. ముందే నమోదు చేసిన నమూనాలో లేని సందేశాలను టెలికాం సంస్థలు ఆపేసే విధానం 2021 మార్చిలో అమల్లోకి రాగానే బ్యాంకుల ఓటీపీలు కూడా నిలిచిపోయాయి. గడువు పొడిగించాల్సి వచ్చింది.

ప్రకృతి కూడా దారులు తెంపుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు కరెంటు, ఫోన్లు ఒకేసారి పోయాయి. నర్సీపట్నం అప్పుడు విశాఖ జిల్లాలోదే. కరెంటూ నెట్టూ లేని యంత్రం ఏ అలర్టూ పంపలేదు. అందుకే రోజూ ఒక వేళకు ‘బాగున్నాను’ అని సందేశం పంపేలా దాన్ని అమర్చి, అది రాని రోజున బయటి ఊరి సర్వర్ హెచ్చరించే ఏర్పాటు చేసుకోవాలి.

ఆసుపత్రిలోనో బడిలోనో వడ్డీ లెక్కలు రాసే సహకార సంఘంలోనో మీ చేతి కింద ఒక స్టోరేజ్ పెట్టె ఉంటే, ఈ వారమే దాని నోటిఫికేషన్ సెట్టింగ్స్ తెరవండి. మానేసి వెళ్లిపోయిన ఉద్యోగి మెయిలు, నంబరు అందులో ఉంటే తీసేయండి. కనీసం ఇద్దరి చిరునామాలు పెట్టండి. యంత్రం గడియారం సరిగ్గా ఉందో లేదో చూడండి. చివరగా టెస్ట్ బటన్ నొక్కి, ఆ కబురు ఇద్దరి ఫోన్లలోనూ మోగేదాకా అక్కడి నుంచి కదలకండి.